ఉక్కుదారిలో చివరి సైకిలు

సునీలకు సైకిలు నేర్పింది అబ్రాహాము సారు.

లింగంపేట అవతల తండా నుంచి వచ్చి, కామారెడ్డి గిరిజన బాలికల హాస్టల్లో ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు, ఆటల సామాను పేరుతో అక్కడ ఉన్నది గాలి నిలవని వాలీబాలు ఒకటి, చిరుగులు పడ్డ నెట్టు ఒకటి. వ్యాయామం నేర్పే సారు తన సొంత సైకిలునే తెచ్చి, పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించి, సీటు వెనక పట్టుకుని పరుగెత్తేవాడు. మనిషి బక్కపలచన, మోకాళ్ళ నొప్పులు. తక్కిన ఆడపిల్లలు కాసేపు తొక్కి, కిందపడి, నవ్వి దిగిపోయేవాళ్ళు. సునీల దిగేది కాదు. ఒకరోజు ఆయన ఆయాసంతో మట్టిలో కూలబడ్డాడు. వెనక ఎవరూ లేరన్న సంగతి తెలియని సునీల మాత్రం గేటు దాటి, స్టేషను రోడ్డు పట్టి పోయింది. సారు కుంటుకుంటూ వెళ్ళి చూసేసరికి, స్టేషను ముందర ఆటోల మధ్య ఎట్లా ఆపాలో తెలియక గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"బ్రేకు పట్టు బిడ్డా, బ్రేకు!" అని అరుస్తూ ఆయన నవ్వాడు. ఆమె ఏడ్చింది. ఆటోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన ఆమెను వదల్లేదు. ఎవరినో బతిమాలి ఒక మంచి సైకిలు అడిగి తెచ్చి జిల్లా పోటీలకు తీసుకుపోయాడు. ఆమె గెలిచింది. రాష్ట్ర పోటీలకు పోతే అక్కడ అందరివీ గేరు సైకిళ్ళు. ఈమెది పాలవాళ్ళ సైకిలు. చివరికి మిగిలింది. సారు ఆమెను బస్సులో వెనక్కి తీసుకొచ్చాడు. కామారెడ్డిలో దిగాక, "ఓడింది నువ్వు కాదు, బండి" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. సారంటే ఆమెకు తండ్రితో సమానం. అసలు తండ్రి జైసింగ్ ఏటా దసరా పోగానే చెరుకు నరకడానికి మహారాష్ట్ర పోయేవాడు, ఎండలు ముదిరాక వచ్చేవాడు.

ఆమె డిగ్రీ రెండో ఏట, 2012 ఎండాకాలంలో, హైదరాబాదు సైకిలు క్లబ్బువాళ్ళు అబ్రాహాము సారును వెతుక్కుంటూ వచ్చారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి నడుమ పల్లెల్లో ఒకప్పుడు ఉక్కు చేసేవాళ్ళని, ఆ ఉక్కు సముద్రాలు దాటి పోయి కత్తులయ్యేదని వాళ్ళు ఎక్కడో విన్నారట. ఆ పాత కొలుముల జాగాలన్నీ కలుపుతూ, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ముగిసేటట్టు ఒక సైకిలు దారి వెయ్యాలని వాళ్ళ ఆలోచన. దానికి 'ఉక్కుదారి' అని పేరు కూడా పెట్టుకుని వచ్చారు. దారే లేదు.

"దారి మా పిల్ల చూపిస్తది" అన్నాడు సారు.

క్లబ్బు సెక్రటరీ పెద్దమనిషి. మెత్తగా మాట్లాడతాడు. ఇరవై ఏళ్ళు లేని పిల్లను కూడా 'మీరు' అంటాడు. "మీరు దారి వెయ్యండమ్మా. ఆ రోజు అందరికంటే ముందు నడిచేది కూడా మీరే" అన్నాడు. సునీల తల ఊపింది గానీ, ఆ రాత్రి అన్నం తినడమే మరిచిపోయింది, సంతోషంతో.

ఆ ప్రాంతపు పిల్లలకు ఉక్కు సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. చేలల్లో నాగలికి నల్లరాళ్ళు తగులుతాయి. చూడటానికి పొంగిన బెల్లప్పాకంలా బొరియలు బొరియలుగా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే ఇనుమంత బరువు. పెద్దలు చిట్టెపురాళ్ళు అంటారు. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలిన మష్టు అది. కొన్నిచోట్ల అవి ఇళ్ళంత ఎత్తు కుప్పలుగా ఉన్నాయి. వాటి మీద తుమ్మచెట్లు మొలిచాయి, మేకలు ఎక్కుతాయి. సునీల చిన్నప్పుడు ఆ రాళ్ళతోనే సీతాఫలాలు రాల్చేది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనమ్మ రామ్లిని అడిగింది, ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయని. రామ్లి నోట్లో పొగాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంది.

"నల్లరాళ్ళతోని నీకేం పని పడ్డదే? మా తాత చెప్తుండె. మనోళ్ళు ఎద్దుల మీద ఇనుపముద్దలు కట్టుకొని పోయేటోళ్ళట. వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేటోళ్ళట. ఇనుము చేసినోడు ఈడనే మసైపోయిండు. మోసినోడు ఈడనే ముసలోడయిండు. కత్తి పట్టినోడు యాడున్నడో ఎవలకెరుక?"

సునీలకు ఆ మాట ఎంతో నచ్చింది. పోయి సారుకు చెప్పింది, సారు సెక్రటరీకి ఫోనులో చెప్పాడు.

ఆ ఎండాకాలమంతా ఇద్దరూ తిరిగారు. ఆమె సైకిలు మీద ముందు, సారు మోపెడ్ మీద నీళ్ళ డబ్బా పెట్టుకుని వెనక. తాడ్వాయి దాటాక ఏ పల్లెలో ఏ కుప్ప ఉందో, ఏ బండ్లబాట మీద సైకిలు పోతుందో, ఏ ఇసుకలో దిగి నడవాలో చూసుకున్నారు. ఎల్లారెడ్డి వైపు అడవిలో, సారు బండి పోలేని కాలిబాట చివర, సునీల ఒక్కతే ఒక పాత కొలిమి అడుగును కనిపెట్టింది. నేలలో ఇటుకరంగుకు కాలిన మట్టి ఉంగరం. లోపల చేయి పెడితే చల్లగా ఉంది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. తిరిగి వచ్చి చెప్తే సారు ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

రైడు డిసెంబరులో పెట్టారు. మధ్యాహ్నం భోజనం సునీల వాళ్ళ తండాలోనే. సునీల తన తల్లి గంగకు ఫోను చేసి చెప్పింది: "యాడీ, అందరికంటె ముంగట నేనే వస్త. జూస్తుండు." గంగ ఆ మాట తండా అంతా చాటింది.

తెల్లారితే రైడు అనగా సాయంత్రం సారు హాస్టలుకు వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. ఎప్పుడూ కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషి, ఆ పూట గోడ మీది టైమ్‌టేబుల్ చూస్తూ మాట్లాడాడు.

"ముంగట వాళ్ళ పిల్లగాడు ఒకడు పోతడట బిడ్డా. మనం చెప్పిన దారంతా జీపీఎస్ మెషీన్ల ఎక్కించుకున్నరట గద. పేపరోళ్ళు గిట్ల వస్తున్నరు..."

"మరి నేను?"

"నువ్వు తండల ఉంటె మంచిగుంటదట. మీ అద్దాల బట్టలు ఏసుకొని, వచ్చినోళ్ళకు బొట్టు పెట్టి లోపలికి పిలిస్తె..."

సునీల పుట్టి బుద్ధి ఎరిగాక ఆ బట్టలు వేసుకోలేదు. తల్లి కూడా ఎప్పుడో చీరలోకి మారింది. తండాలో ఆ బట్ట కట్టేది రామ్లి ఈడు ముసలివాళ్ళే.

"నేను తొక్కుత సార్" అంది.

"అరె, ఇను—"

"ఎన్కనన్న తొక్కుత. కానీ తొక్కుత."

సారు ముఖంలో బరువు దించుకున్నట్టు కనిపించింది. "ఎన్క అయితె ఎవరేమంటరు? ఎన్క కూడా ఒకరు కావాలె. పంచరైతె, ఎవరన్న ఆగిపోతె చూసుకునేటందుకు. నువ్వే ఉండు" అన్నాడు. ఆయన వెళ్ళాక సునీలకు అర్థమయింది, సారు తనను అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాడు.

పొద్దున చలి గజగజ వణికిస్తోంది. కాలేజీ గ్రౌండులో నాలుగు పదుల సైకిళ్ళు వరసగా నిలిచాయి. అన్నీ గేరు సైకిళ్ళు, హెల్మెట్లు, చేతులకు తొడుగులు. సెక్రటరీ మైకులో అందరికీ ధన్యవాదాలు చెప్పాడు. అబ్రాహాము సారు పేరు చెప్పాడు, ఊళ్ళ పేర్లు చెప్పాడు. సునీల పేరు రాలేదు. జెండా ఊపారు. ముందు పోయే కుర్రవాడికి కెమెరాలు పట్టారు. ఆమె ఒంటి మీద క్లబ్బువాళ్ళు ఆ రోజుకు ఇచ్చిన పసుపు టీషర్టు, చేతిలో అరువు సైకిలు, సీటు కింద పంచరు సామాను. సునీల చివర కదిలింది.

ఊరు దాటగానే ఆమెకు ఒక తోడు దొరికింది. సయీదా టీచరు కామారెడ్డిలోనే హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. నలభై దాటిన మనిషి, కొడుకు సైకిలు ఎక్కి వచ్చింది. మొదటి ఎత్తుకే దిగి నడిచింది.

"నువ్వు పో బేటా, నా కోసం ఆగకు" అంది ఒగరుస్తూ.

"నా పనే గది మేడమ్. అందరి ఎన్క రావాలె."

సునీల ఆమెకు గేరు ఎట్లా మార్చాలో చూపించింది. సీటు కాస్త ఎత్తు చేసి ఇచ్చింది. అప్పటి నుంచి సయీదా కూడా దిగకుండా తొక్కింది. కంది చేలు పండి ఉన్నాయి. దారి పొడవునా మక్కజొన్న చొప్ప కాల్చిన వాసన. రోడ్డు విడిచి బండ్లబాట పట్టిన చోట టీచరు ఆశ్చర్యపోయింది. "ఈ దారి ఎవరు కనిపెట్టిన్రమ్మా? పుట్టి పెరిగిన ఊరు, నాకే తెల్వది" అంది.

సునీల ఒక గేరు తగ్గించింది. తర్వాత, "నేనే మేడమ్" అంది.

"నువ్వా? మరి ఎన్క ఎందుకున్నవ్?"

సునీల ముందుకు చూస్తూ, "రాయి ఉంది, పక్కకు పోనియ్యండి" అంది.

మొదటి చిట్టెపుకుప్ప దగ్గరికి వాళ్ళిద్దరూ చేరేసరికి తక్కినవాళ్ళు అరటిపండ్లు తిని తొక్కలు పడేసి ఉన్నారు. కొందరు నల్లరాళ్ళు ఏరి సంచుల్లో వేసుకుంటున్నారు. కుప్ప మీద నిలబడి సెక్రటరీ మాట్లాడుతున్నాడు. ఉక్కు ఎట్లా చేసేవాళ్ళో, మట్టి మూసల్లో ఇనుమూ ఆకులూ పెట్టి ఎట్లా కరిగించేవాళ్ళో చెప్పి, చివరికి గొంతు తగ్గించి అన్నాడు: "ఈ పల్లెల్లో ఒక సామెత ఉంది. ఇనుము చేసినవాడు మసైపోయాడు, మోసినవాడు ముసలివాడయ్యాడు, కత్తి పట్టినవాడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన ఆ మాట మళ్ళీ చెప్పమని రాసుకున్నాడు కూడా. సునీల సారు వైపు చూసింది. సారు నీళ్ళ డబ్బా మూత బిగిస్తున్నాడు. బిగిసిన మూతనే మళ్ళీ బిగిస్తున్నాడు.

తరువాత దారంతా ఆమె తన పనే చూసుకుంది. ఒకాయనకు చైను ఊడితే ఎక్కించింది, ఇంకొకాయనకు పంచరు వేసింది. పొద్దెక్కిన కొద్దీ చలి పోయి వీపు చుర్రుమంది. వాళ్ళందరినీ దాటేసి ముందుకు పోవడం ఆమెకు చిటికెలో పని, కాళ్ళు లాగుతున్నాయి. కానీ సయీదా టీచరు వెనకబడుతోంది. సునీల బ్రేకు పట్టుకునే పోయింది.

తండా ఇంకా కనబడక ముందే డప్పు వినిపించింది.

గుడిసెల ముందరి ఖాళీ జాగాలో షామియానా వేశారు. నీడలో అతిథులు కుర్చీల్లో కూర్చుని తింటున్నారు. ఎండలో ఆడవాళ్ళు గుండ్రంగా తిరిగి ఆడుతున్నారు. అద్దాలు కుట్టిన లంగాలు, గవ్వలు వేలాడే ఓణీలు. సునీలకు ముందు అద్దాల తళతళ తప్ప మనుషులు కనిపించలేదు. తర్వాత ఆ వరసలో తల్లిని పోల్చుకుంది. గంగ కట్టింది రామ్లి బట్ట. ముసలామె లంగా పొట్టిదై చీలమండల పైకి ఉంది, రవిక భుజాల దగ్గర బిగుసుకుపోయింది. చెమటకు నుదుట కుంకుమ కారి ముక్కు మీదికి వచ్చింది. కెమెరా పట్టుకున్నతను చెయ్యి తిప్పుతూ, "ఇంకొక్కసారి, ఇటు తిరిగి" అంటున్నాడు. ఆడవాళ్ళు ఇటు తిరిగి ఆడుతున్నారు.

కూతురిని చూడగానే గంగ ఆట ఆపి పరుగెత్తుకొచ్చింది.

"ఎన్క వస్తివేందే? కింద పడ్డవా? దెబ్బ తాకిందా?" అని కాళ్ళూ చేతులూ తడిమింది.

"పడలే యాడీ."

"ముంగట వస్తనంటివి గద. నువ్వే అనుకొని పళ్ళెం పట్టుకొని ఉరికిన. దగ్గరికి వచ్చినంక చూస్తె ఎవడో పిల్లగాడు. పళ్ళెం ఎనుకకు తీసుకుంటె బాగుండదని వానికే పెట్టిన బొట్టు. ఫోటో సరిగ రాలేదని మల్ల పెట్టమన్నరు, మల్ల పెట్టిన." గంగ నవ్వబోయింది, నవ్వు కుదరలేదు. "నీకు పెడుదామంటె కుంకుమ అయిపోయింది."

సునీల తల్లి నుదుటి మీద కారిన కుంకుమను బొటనవేలితో తుడిచింది.

అంతా చూస్తూ నిలబడిన సయీదా టీచరు ఊరుకోలేకపోయింది. ఆమె మంచి మనసుతోనే చేసింది. నేరుగా సెక్రటరీ దగ్గరికి పోయి, నలుగురూ వినేటట్టే అడిగింది: "సార్, ఈ దారి వేసింది ఈ అమ్మాయట. ఈమె పేరు ఒక్కసారి కూడా చెప్పలేదేం మీరు?"

సెక్రటరీ నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, పొరపాటయింది" అని ప్లేటు పక్కన పెట్టి, మైకు తెప్పించి, "ఈ మట్టిబిడ్డ, మన తండా ఆడపడుచు సునీల" అని పరిచయం చేశాడు. అందరూ తినే చేతులు ఆపి చప్పట్లు కొట్టారు. ఎవరో పూలదండ తెచ్చారు. సునీల తల వంచుకుని దండ వేయించుకుంది. అంతటితో అయిపోతే బాగుండేది.

"తల్లీకూతుళ్ళ ఫోటో ఒకటి తియ్యండి" అన్నాడు సెక్రటరీ. కెమెరా అతను గంగను ఒక పక్కకూ సునీలను ఒక పక్కకూ నిలబెట్టి చూసి, పెదవి విరిచాడు. "ఈ టీషర్టుతో కలవట్లేదు సార్. ఆ అద్దాల ఓణీ ఈ అమ్మాయి నెత్తిన కప్పితే? సైకిలు పట్టుకుని, ఓణీ వేసుకుని. భలే ఉంటుంది."

సెక్రటరీ సునీల వైపు ఆశగా చూశాడు. "మీకు అభ్యంతరం లేకపోతేనే అమ్మా."

"నేను ఏసుకోను" అంది సునీల.

గంగ అప్పటికే తన నెత్తి మీది ఓణీ తీస్తోంది. ఆ చేతులు గాలిలోనే ఆగాయి.

అబ్రాహాము సారు గబగబా వచ్చి సునీల చెవి దగ్గర అన్నాడు: "ఒక్క నిమిషం ఏసుకో బిడ్డా. ఒక్క ఫోటో. మన హాస్టలుకు గేరు సైకిళ్ళు ఇస్తమన్నరు, అరడజను, కొత్తయి. ఇప్పుడు నువ్వు గిట్ల జేస్తె..."

సునీల ఆయన ముఖంలోకి చూసింది. "ఎప్పుడన్నరు సార్?"

ఆయన షామియానా వైపు చూశాడు.

"నేను ఎండల్ల తిరిగినప్పుడే అన్నరా? నిన్న మీరు హాస్టలుకు వచ్చినప్పుడు మీకెరుకేనా?"

"ఎరుకే" అన్నాడు సారు.

సునీల మెడలో దండ తీసి పక్కనున్న కుర్చీ మీద పెట్టింది. అరువు సైకిలును స్టాండు వేసి నిలబెట్టి, సీటు కింది పంచరు సామాను విప్పి సారు చేతిలో పెట్టింది. నాయనమ్మ మంచం దగ్గరికి పోయి కూర్చుంది. రామ్లి పొద్దటి నుంచీ అక్కడే ఉంది. ఆడమని అడిగితే, "నా మోకాళ్ళు ఆడితె చాలు నాకు" అందట. ఇప్పుడు మనవరాలి చేతిలో జొన్నరొట్టె పెట్టింది. "తిను. వాళ్ళు తిన్నంకనే మనకు పెట్టమన్నరు గానీ, గిది మన ఇంటి రొట్టె" అంది.

మధ్యాహ్నం దారి అడవిలోంచి. కాలిబాట చివర పాత కొలిమి ఉంది. మెషీన్లో దారి గీత ఉంది గానీ, మొదటి వాగు దగ్గరే రెండు బాటలు కనిపించి ముందు పోయిన కుర్రవాడు తిరిగి వచ్చాడు. సెక్రటరీ ఈసారి తానే వచ్చి సునీల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇందాక జరిగినదానికి క్షమించండి. ఇప్పుడు మీరే ముందు నడవండి. నేను అందరికీ చెబుతాను."

పొద్దున అయితే ఆ మాటకు ఆమె ఎగిరి గంతేసేది. ఇప్పుడు రొట్టె ముక్క నములుతూ, "నాకు చాత కాదు సార్" అంది.

ఆమె అనుకున్నది ఒకటి. తను పోకపోతే వాళ్ళ ఉక్కుదారి అక్కడితో తెగిపోతుందని, ఆ పాత కొలిమి చూడకుండా పోయామే అని వాళ్ళు చేతులు పిసుక్కుంటారని. అట్లాంటిదేమీ జరగలేదు. సెక్రటరీ గడియారం చూసుకుని, "సరే, తారురోడ్డు మీదే పోదాం, ఎండ కూడా ఎక్కువగానే ఉంది" అన్నాడు. కొందరు హమ్మయ్య అనుకున్నారు. సైకిళ్ళన్నీ గలగలమంటూ ఎల్లారెడ్డి రోడ్డు ఎక్కాయి. సయీదా టీచరు ఒక్కతే ఆగి, "నేను అడగకుండ ఉంటె బాగుండు" అని సునీల చెయ్యి పట్టుకుంది. సునీల "మీరేం చేసిన్రు మేడమ్" అంది. టీచరు కూడా పోయింది. సునీల తొక్కిన సైకిలును సామాను జీపులో వేసుకున్నారు. సారు మోపెడ్ స్టార్టు చేసి చాలాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత ఆయనా పోయాడు.

షామియానా విప్పుతుంటే గంగ బట్టలు మార్చుకుని వచ్చింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది. కూతురు ఓదారుస్తుందనుకుందో, కూతురిని ఓదార్చాలనుకుందో గానీ నోట వచ్చింది వేరే.

"ఒక్క ఫోటోకు నీదేం పోయిందే? చిన్నపిల్లలకు సైకిళ్ళు వస్తయన్నడు గద సారు. మేమంత పొద్దటి సంది ఎండల ఎగిరినం. మాకు లేని సిగ్గు నీకొచ్చిందా?"

"నువ్వెందుకు ఎగిరినవ్ యాడీ? ఎవలు ఎగురమన్నరు?"

"నిన్న రాత్రి సారే వచ్చి అడిగిండు. సునీల ముంగట వస్తది, మీరు సంబురం చెయ్యాలె అన్నడు. ముసల్దాని పెట్టె తెరిచి బట్ట తీసుకున్న. ఎన్నేండ్లకో కట్టిన." గంగ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు వస్తున్నవని మొదలువెట్టినం. నువ్వు కాదని ఎరుకైనంక నడుమ ఎట్ల ఆపాలె? మంది చూస్తుండిరి. ఎగిరినం."

సునీల తల్లి పక్కన నేల మీద కూర్చుంది. సారు ఆ మాట చెప్పిన రోజున, ముందు పోయేది తను కాదని ఆయనకు తెలుసు. తన సంగతి ఎట్లా ఉన్నా, తల్లికి చెప్పిన ఆ అబద్ధమే ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఆ సంగతి మాత్రం గంగకు చెప్పలేదు. చెప్తే ఆమె ఆడిన ఆట ఇంకా బరువవుతుంది.

మర్నాటి పేపర్లో రైడు గురించి గొప్పగా రాశారు. అందులో పాత కొలిమిని చూసి సభ్యులు పులకించిపోయారని కూడా ఉంది.

సెక్రటరీ మాట మీద నిలబడే మనిషే. సంక్రాంతి సెలవులు అయ్యాక హాస్టలుకు సైకిళ్ళు వచ్చాయి. తళతళలాడే కొత్తవి, నీలం రంగువి. చిన్నపిల్లలు వాటి మీది ప్లాస్టిక్ కాగితం చించడానికి కూడా భయపడ్డారు. డిగ్రీ పిల్లలు ఉండేది ఆ ఆవరణలోనే వెనక గదుల్లో. సునీల కిటికీలోంచి చూసింది. పిల్లలు ఎక్కడం, పడడం, గేరు పీకి చైను తెంచడం. కొన్నాళ్ళు పళ్ళు బిగబట్టుకుని ఊరుకుంది. ఒకరోజు ఒక చిన్నది బ్రేకు పట్టడం రాక గోడకు కొట్టుకుని నోరు పగలగొట్టుకుంటే, కిందికి దిగింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే నేర్పింది.

అప్పుడు సారు వచ్చి మాట్లాడాడు. పిల్లలు దూరంగా ఉన్నారు.

"ఎన్నేండ్ల సంది అర్జీలు పెట్టిన్నో నీకెరుకే బిడ్డా. ఒక్క బంతి ఇయ్యలే ఎవ్వరు. నువ్వు రాష్ట్ర పోటీల గట్ల ఓడి వచ్చినప్పటి సంది నాకు నిద్ర లేదు. ఇంకొక పిల్ల గట్ల ఓడొద్దనుకున్న."

"మంచిగనే అనుకున్నరు సార్."

"మరి?"

"నన్ను అడిగితె అయిపోవు. సునీలా, నువ్వు ఎన్క పో, పిల్లలకు సైకిళ్ళు వస్తయి అంటె, నేనే పోతుంటి. మా యాడికి అబద్ధం చెప్పే పని పడకపోవు."

సారు తడబడ్డాడు. "అడిగితె కాదంటవని భయపడ్డ."

"నేను మీకెప్పుడన్న కాదన్ననా సార్?"

ఆయన పిల్లల వైపు చూసి, స్టాఫు రూములోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా 'గుడ్ మార్నింగ్ సార్' తప్ప మాట లేదు. ఆయన కనిపిస్తే ఆమె నిలబడేది. గౌరవం తగ్గించలేదు. అంతకు మించి ఇవ్వనూ లేదు. ఆయన సైకిళ్ళ దగ్గరికి రావడం మానేశాడు. తను తెప్పించిన సైకిళ్ళను పిల్లలు తొక్కుతుంటే వరండా స్తంభం వెనక నుంచి చూసేవాడు. ఆ వయసులో ఆయన అట్లా చాటుగా నిలబడటం చూస్తే సునీలకు ఒక్కోసారి జాలి వేసేది. పోయి పిలుద్దామని రెండడుగులు వేసేది. తల్లి నుదుట కారిన కుంకుమ గుర్తొచ్చేది. ఆగిపోయేది.

2013 వేసవిలో సారుకు పిట్లం బదిలీ అయింది. హాస్టల్లో వీడ్కోలు పెట్టారు. వార్డెను మాట్లాడింది, వంట చేసే సాలవ్వ కూడా నాలుగు మాటలు చెప్పి కళ్ళు ఒత్తుకుంది. చిన్నపిల్లలు, "సునీలక్కా, నువ్వు మాట్లాడు" అని వెనక నుంచి నెట్టారు. ఆయన చేతుల మీద పెరిగిన పిల్ల ఆమే అని అందరికీ తెలుసు.

ఆమె లేచి నిలబడింది. మంచి మాటలు చాలానే ఉన్నాయి, ఒక్కటీ నోట రాలేదు. చెడ్డ మాట అనడానికి మనసు ఒప్పలేదు. సారు కుర్చీలో కాస్త ముందుకు జరిగి, తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు.

"సారు నాకు సైకిలు నేర్పిండు" అంది.

ఇంకా ఏదో చెప్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కూర్చుంది. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. సారు మాత్రం తల దించుకుని, వాళ్ళు కప్పిన శాలువా అంచును వేళ్ళ మధ్య మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. వార్డెను టీ తెమ్మని సాలవ్వను పిలిచింది.